ఎంఎం540: కొత్త కమాన్ కట్టలు ముందా, చక్రాల బేరింగులు ముందా?

నల్లరేగడి (సింగ్‌నగర్, విజయవాడ) | శుక్రవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. నాన్న వాడిన మహీంద్రా ఎంఎం540 జీపు నా దగ్గరుంది. పెజో ఇంజను, ఫోర్ బై ఫోర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా పేట మీద పడ్డప్పుడు మూడు రోజులు సీట్ల దాకా నీళ్లలో నానింది. తర్వాత ఇంజను విప్పించాం. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లు రెండుసార్లు మార్పించాం. వైరింగంతా కొత్తది. చక్రాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నాకూ తట్టలేదు.

ఇప్పుడు 50 దాటితే ముందు వైపు నుంచి గుయ్యిమని మోత. జాకీ వేసి పట్టుకుంటే రెండు చక్రాలూ కొంచెం ఆడుతున్నాయి. ఈలోగా బండి ఎత్తు పెంచే రెండంగుళాల లిఫ్ట్ కిట్టు కొనేశాను. నాలుగు కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), నాలుగు షాకప్‌లు, పొడుగు షాకిళ్లు (కట్ట కొసని ఛాసిస్‌కి తగిలించే పట్టీలు), బుష్‌లు, యూ బోల్టులు అన్నీ వచ్చాయి. వచ్చే నెల కొండవీడు ఘాట్ ఎక్కి, అటునుంచటే సూర్యలంక పోవాలని ప్లాను. ఆదివారం తమ్ముడూ నేనూ ఇంటి దగ్గరే బిగిద్దామనుకుంటున్నాం. మా మెకానిక్ అయితే "ముందు కట్టలు ఎక్కించు, మోత దానంతటదే పోద్ది" అన్నాడు. అలా పోతుందా?

థార్_సత్తి (సత్తెనపల్లి) | శుక్రవారం రాత్రి 9.32

బ్రో, టైర్లేంటి? మడ్ టైర్లయితే ఆ మోత టైర్లదే, నువ్వేం కంగారు పడకు. నా థార్‌కి అవి వేయించిన రోజు నుంచీ మా అమ్మ బండెక్కితే చెవుల్లో దూది పెట్టుకుంటోంది. కట్టలు బిగించేయ్. ఫోటోలు మాత్రం పెట్టాలి!

పాతపానా (గుంటూరు) | శుక్రవారం రాత్రి 10.15

సత్తీ, టైరు మోత అయితే చక్రం ఎందుకు ఆడుద్దయ్యా?

నల్లరేగడి గారూ, కట్టలు మారిస్తే మోత పోదు. ముందు రోగమేదో తేల్చుకోండి, సామాను సంగతి తర్వాత. రేపు పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు కంకిపాడు రోడ్డెక్కి 60లో పోతూ స్టీరింగు మెల్లగా కుడికీ ఎడమకీ ఊపి చూడండి. ఎడమకి తిప్పితే బండి బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగు, తగ్గితే ఎడమది. టైరు మోత ఇలా మారదు. అది రోడ్డును బట్టి మారుతుంది, తారు మీద ఒకలా, సిమెంటు మీద ఒకలా ఉంటుంది.

ఇక ఆట సంగతి. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతున్నప్పుడు మీ తమ్ముణ్ని బ్రేకు గట్టిగా తొక్కమనండి. తొక్కగానే ఆట ఆగిపోతే అది బేరింగు. తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్‌పిన్, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే ఇరుసు. పక్కలకి పట్టుకుని ఊపితేనే ఆడుతుంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కడ్డీ కీళ్లు) చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పరీక్ష చేయకుండా బేరింగులు మార్చేసి, ఆట అలాగే ఉందని మళ్లీ షెడ్డుకొచ్చిన బళ్లు నా సర్వీసులో లెక్కలేనన్ని చూశాను.

తెనాలి_దమ్ము | శుక్రవారం రాత్రి 10.41

మా ట్రాక్టర్లకి ఇది ప్రతి ఏడూ ఉండేదే. దమ్ము సీజను అయిపోగానే ముందు చక్రాల హబ్బులు (మధ్యలో బేరింగులుండే భాగం) విప్పి గ్రీజు మారుస్తాం. మారిస్తే బేరింగు ఏళ్ల తరబడి నడుస్తుంది, బద్ధకిస్తే మరుసటి సీజన్లో చేను మధ్యలో చక్రం వంకర పోద్ది. మీ బండి మూడు రోజులు నీళ్లలో ఉందంటున్నారు. హబ్బు విప్పకుండా ఇంతకాలం తిరిగారంటే గట్టి బండే!

బెంజిసర్కిల్_జిమ్నీ | శనివారం ఉదయం 7.05

హబ్బులోకి నీళ్లు ఎలా వెళ్తాయో ఒక మాట. బండి నడిచి హబ్బు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి సీలు పక్కనుంచి బయటికి పోతుంది. ఆ వేడి మీదే వాగులోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు (లోపలి గాలి వచ్చిపోయే గొట్టం) సంగతీ ఇంతే. అందుకే నీళ్లలోకి దిగేముందు పది నిమిషాలు బండి ఆపడం మంచిది, బ్రీదర్ పైపును బానెట్ కిందికి లాక్కోవడం ఇంకా మంచిది. నల్లరేగడి గారిది వాగు దాటడం కాదు, మూడు రోజుల నానుడు. సీలు ఎంత కొత్తదైనా అన్ని రోజులు ఆపడం కష్టం.

నల్లరేగడి | శనివారం మధ్యాహ్నం 1.20

పాతపానా గారూ, మీరు చెప్పినట్టే చేశాం. కుడికి తిప్పితే మోత పెరిగింది, అంటే ఎడమ బేరింగు. జాకీ మీద ఎడమ చక్రం ఆట బ్రేకు తొక్కగానే ఆగిపోయింది. కుడి చక్రం మాత్రం తొక్కినా ఆడుతూనే ఉంది. అంటే ఎడమవైపు బేరింగు, కుడివైపు కింగ్‌పిన్ అన్నమాట. రెండు జబ్బులు ఒకే బండికి. ఇంకో విషయం, స్టీరింగు సరిగ్గా మధ్యలోకి రాగానే ఏదో గాడిలో పడ్డట్టు పట్టేస్తోంది. ఇది మామూలేనా?

పాతపానా | శనివారం మధ్యాహ్నం 2.02

మామూలు కాదు. చక్రం బేరింగు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అరుగుదల చుట్టూరా సమానంగా ఉంటుంది. కింగ్‌పిన్ బేరింగు అలా తిరగదు, కొంచెం అటు, కొంచెం ఇటు, ఎక్కువసేపు తిన్నగానే ఉంటుంది. గుంతల దెబ్బలన్నీ ఒకేచోట తిని రోలర్ల అచ్చు కప్పు (బేరింగు బయటి రింగు) మీద పడిపోతుంది. స్టీరింగు తిన్నగా రాగానే రోలర్లు ఆ అచ్చుల్లోకి దిగుతాయి, అదే మీకు గాడిలా తెలుస్తోంది. మీ బండికి పైగా తుప్పు కూడా తోడయ్యుంటుంది. నకిలు (కింగ్‌పిన్ మీద చక్రంతో పాటు తిరిగే భాగం) గోళంలో నీళ్లు నిలవుంటాయి, పోయే దారి ఉండదు.

రెండువైపులా చక్రం బేరింగులు, కింగ్‌పిన్ బేరింగులు, ఆయిల్ సీళ్లు, నకిలు వెనక ఫెల్టు సీళ్లు అన్నీ కొత్తవి తెచ్చుకోండి. కట్టలు ఆ తర్వాతే. పొడుగు కట్ట కింద వదులు చక్రం ఇంకా ఎక్కువ ఆడుతుంది.

కొండవీడు_కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 2.30

అన్నా, బేరింగులు ఎక్కడ కొనాలి? డూప్లికేట్లు ఎక్కువంటున్నారు కదా, టెన్షన్‌గా ఉంది. నాదీ పాత జీపే.

లేత్_బాబాయ్ (ఆటోనగర్) | శనివారం సాయంత్రం 4.10

డూప్లికేట్లు ఉన్నమాట నిజం. డబ్బా చూసి నమ్మొద్దు, డబ్బా అచ్చేయించడం ఎంతసేపు? బేరింగు చేతిలోకి తీసుకుని చూడండి. నంబరు, దేశం పేరు, బ్యాచి గుర్తు శుభ్రంగా లేజరుతో చెక్కినట్టుండాలి. వేలితో రుద్దితే చెరిగేలా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఎస్‌కేఎఫ్ బేరింగు కంపెనీ వాళ్లకి ఆథెంటికేట్ అని యాప్ ఉంది, అనుమానమొస్తే ఫోటోలు తీసి దానిలో పంపొచ్చు.

పాత బేరింగు మీద నంబరు చదవడం కూడా నేర్చుకోండి. మిల్లీమీటర్ల రకమైతే చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం సైజు. 6205కి 25 మిల్లీమీటర్లు, 30206కి 30. (00 నుంచి 03 దాకా ఈ లెక్క పనిచేయదు.) 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. సీ3 అంటే లోపల సందు మామూలు కంటే ఎక్కువ, కాబట్టి కొనేటప్పుడు "రెండూ ఒకటే సార్" అంటే ఒప్పుకోకండి. ఎంఎం540 లాంటి విల్లీస్ (పాత అమెరికా జీపు) వంశం జీపుల్లో అంగుళాల లెక్క టేపర్ బేరింగులుంటాయి, వాటికి ఈ గుణింతం పనికిరాదు. పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లడమే.

నల్లరేగడి | ఆదివారం మధ్యాహ్నం 12.45

ఎడమ హబ్బు ఊడదీశాం. గ్రీజు ఉండాల్సిన చోట కాఫీ! పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కగా ఏదో కారింది. లోపలి బేరింగు రోలర్ల మీద తుప్పు మచ్చలు, బయటి కప్పు ఒకచోట నీలం తిరిగింది. స్పిండిల్ మీద, లోపలి బేరింగు కూర్చునే చోట గీతలు పడ్డాయి. గోరు పెడితే తట్టుకుంటోంది. ఆ గీతల చోట సెంటర్ పంచితో చుక్కలు కొట్టుకుంటే బేరింగు గట్టిగా పట్టేస్తుందని పక్కింటాయన చెప్పారు. కొట్టమంటారా?

లేత్_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12.58

వద్దు! ఆ సుత్తి కింద పెట్టు బాబూ.

పంచి చుక్కలు కొడితే లోహం లేచిన మొనల మీద మాత్రమే బేరింగు ఆనుతుంది. నాలుగు రోజుల్లో ఆ మొనలు నలిగి మళ్లీ వదులు, ఈసారి వంకరగా. పైగా ముందు చక్రంలో లోపలి రింగు స్పిండిల్ మీద చేత్తో జారేంత వదులుగానే ఉండాలి, తయారీలోనే అంత. కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది కాబట్టి సన్న మెరుపు గీతలుంటే భయం లేదు. గోరు తట్టుకుంటే మాత్రం స్పిండిల్ మార్చాలి. వెల్డింగు నింపి తిప్పుదామని కొందరంటారు. మా లేత్ మీదే చేయమని తెస్తారు, నేను చేయను. ఆ వేడికి స్పిండిల్ వంగితే చక్రంతో పాటు మీరూ పోతారు. పాత సామాన్ల వరసలో మంచి స్పిండిల్ దొరుకుతుంది, తీసుకురా, మైక్రోమీటరు పెట్టి చూస్తా. చూసినందుకు డబ్బులేం వద్దు.

థార్_సత్తి | ఆదివారం మధ్యాహ్నం 1.15

బాబాయ్, డబ్బులొద్దన్నారా? స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

మరి మా కొత్త బళ్ల సంగతి? నాకూ ఒకసారి ఇంట్లో మార్చి చూడాలనుంది.

బెంజిసర్కిల్_జిమ్నీ | ఆదివారం మధ్యాహ్నం 3.20

సత్తి గారూ, మీ బండికి ఏ రకమో సర్వీసు మాన్యువల్లో చూసుకుని మొదలుపెట్టండి. ఈ కాలం బళ్లలో చాలావాటికి సీలు వేసిన హబ్బు యూనిట్లు వస్తాయి. వాటిలో గ్రీజు పెట్టేది లేదు, బిగువు సర్దేది లేదు. బోల్టులతో వచ్చే రకమైతే విప్పడం, బిగించడం అంతే. నకిల్లోకి ఒత్తి కూర్చోబెట్టే రకమైతే ప్రెస్సు ఉన్నచోటికే తీసుకెళ్లండి. నకిల్లోకి ఒత్తేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి, హబ్బును బేరింగులోకి ఒత్తేటప్పుడు లోపలి రింగుకి ఆధారం ఉండాలి. తారుమారైతే ఆ బలమంతా గోళీల మీదుగా పోయి రింగులో సన్న గుంటలు పడతాయి. కొత్త బేరింగు వేసిన వారానికే మోత మొదలైందంటే చాలాసార్లు కారణం ఇదే, పాపం కంపెనీని తిడతాం.

ఇంకో మెలిక ఉంది. ఏబీఎస్ ఉన్న బళ్లలో కొన్నిటికి బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఆ వైపు సెన్సారుకి ఎదురుగా ఉండాలి. తిరగేసి ఒత్తారంటే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ ఊడదీయడం, మళ్లీ కొత్త బేరింగు. అయస్కాంతం ఉన్న పనిముట్ల పళ్లెంలో దాన్ని పెట్టకండి. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించకుండా బండి బరువు చక్రం మీద పెట్టకండి. నొక్కి లాక్ చేసే నట్టయితే పాతది మళ్లీ వాడకండి.

పాతపానా | ఆదివారం రాత్రి 8.30

మేడం బాగా చెప్పారు. ఇక జీపు దగ్గరికొద్దాం, అసలు పని ఇక్కడే ఉంది.

పాత కప్పును హబ్బులోంచి తీసేటప్పుడు ఇత్తడి రాడ్డుతో ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చి మార్చి కొట్టండి. ఒకేవైపు బాదితే అడ్డం తిరిగి హబ్బు గీరుకుపోతుంది. కొత్త కప్పుని రాత్రి ఫ్రిజ్‌లో, ఐసు పెట్టే అరలో పెట్టండి, కొంచెం ముడుచుకుని సులువుగా దిగుతుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, మా ఆవిడ ఒకసారి చేపల సంచి అనుకుని విప్పి నన్ను తిట్టింది. పాత కప్పుకి గ్రైండరుతో ఒక చీలిక కోసి, దాన్ని కొత్తదాని మీద బోర్లించి కొట్టండి. చీలిక ఉంటే మళ్లీ సులువుగా ఊడొస్తుంది. కప్పు అడుక్కి ఆనగానే సుత్తి చప్పుడు మారుతుంది. అప్పటిదాకా డబ్ డబ్ అన్నది ఖంగుమంటుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ఆపొద్దు.

గ్రీజు ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు, లిథియం కాంప్లెక్సు, చక్రాల బేరింగులకని రాసి ఉన్నది. పాత గ్రీజు అణువంత కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాలి. రకాలు కలిస్తే కొన్ని గ్రీజులు నీళ్లలా పలచబడిపోతాయి. కడిగిన బేరింగుని కంప్రెసరు గాలితో గిర్రున తిప్పే సరదా మానండి, కేజి ఊడి రోలరు కంట్లో పడితే అంతే. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు దానికేసి అద్దుతూ పోతే అటువైపు రోలర్ల మధ్య నుంచి పురుగుల్లా బయటికి రావాలి. చుట్టూరా అలా వచ్చిందంటే నిండినట్టు. హబ్బు పొట్టలో మాత్రం మూడో వంతు చాలు. మొత్తం కూరితే వేడెక్కి సీలులోంచి కారి బ్రేకు లైనర్ల మీద పడుతుంది.

బిగువు అయితే ఇలా. చక్రం ఒక చేత్తో తిప్పుతూ లోపలి నట్టు బిగించండి. చక్రం బరువెక్కి పట్టేసేదాకా బిగించి, అక్కణ్నుంచి ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. నట్టుకి ఆరు పలకలు కదా, సరిగ్గా ఒక్క పలక వెనక్కి. తర్వాత లాకు వాషరు, రెండో నట్టు. రెండో నట్టు బిగించాక మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే అది లోపలిదాన్ని కొంచెం ముందుకి నెడుతుంది. చివరికి చక్రం తేలిగ్గా తిరగాలి, ఊపితే ఆట తెలియకూడదు. పెద్ద బాక్సు పానా కొనుక్కోండి. ఉలి పెట్టి నట్టు కొట్టే పద్ధతి నాకు నచ్చదు, పాత నట్టు చూస్తే మీకే తెలుస్తుంది, దాని మూలలన్నీ నలిగే ఉంటాయి.

నల్లరేగడి | సోమవారం రాత్రి 10.05

నలిగే ఉన్నాయండీ! మూలలు ఒక్కటీ మిగల్లేదు.

స్పిండిల్ దొరికింది. లేత్ బాబాయ్ గారు కొలిచి బాగుందన్నారు, మాట మీద నిలబడి డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం నాతో తాగించుకున్నారు. ఎడమవైపు పూర్తయింది. రేపు కుడి కింగ్‌పిన్. షిమ్ముల (బిగువు సర్దే పలచని రేకుల) లెక్క చెప్పండి.

పాతపానా | సోమవారం రాత్రి 10.40

పాత షిమ్ములు పైవి పైకి, కిందివి కిందికి విడివిడిగా దారానికి గుచ్చి పెట్టుకోండి, కలిపేశారో తికమకే. ఫెల్టు సీలు వేయకముందు, టై రాడ్ తగిలించకముందు బిగువు చూడాలి, లేకపోతే సీలు బిగువు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. షిమ్ము తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. చేపలు తూచే స్ప్రింగు కాటా నకిలు చేతికి తగిలించి లాగండి. నకిలు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకే బరువు మీద నున్నగా కదలాలి. ఎంత బరువన్నది మాన్యువల్లో ఉంటుంది. పైనా కిందా షిమ్ముల మందం దాదాపు సమానంగా ఉంచండి, లేకపోతే లోపలి జాయింటు కేంద్రం తప్పుతుంది.

నల్లరేగడి | గురువారం రాత్రి 9.15

కింగ్‌పిన్‌లు రెండువైపులా అయ్యాయి, స్టీరింగు వెన్నలా తిరుగుతోంది. ఆ ఉత్సాహంలో నిన్నా ఇవాళా సెలవు పెట్టి కట్టలు కూడా ఎక్కించేశాం. పొడుగు షాకిళ్లతో సహా. బండి ఎత్తు చూస్తే ముచ్చటేసింది.

కానీ రెండు సమస్యలు. ఒకటి, గుంతలో పడితే కట్టలు కదలనట్టుంది, చెక్కబండిలా కొడుతోంది. రెండోది పెద్దది. ఇబ్రహీంపట్నం వైపు పోతుంటే 60 దగ్గర చిన్న గుంతలో ముందు చక్రం పడగానే స్టీరింగు పిచ్చెక్కినట్టు ఊగిపోయింది. చేతులు పట్టలేకపోయాను. దాదాపు ఆగేదాకా తగ్గలేదు. తమ్ముడు దిగి నడిచొస్తానన్నాడు. బేరింగులన్నీ కొత్తవే కదా, ఇదెందుకు?

థార్_సత్తి | గురువారం రాత్రి 9.22

స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగు ఊపుని ఆపే షాకప్) వేసేయ్ బ్రో. మా ఫ్రెండ్‌కి ఇదే అయింది, డ్యాంపర్ వేశాక సెట్.

పాతపానా | గురువారం రాత్రి 9.50

సత్తీ, డ్యాంపర్ జ్వరానికి గోలీ లాంటిది. ఒళ్లు చల్లబడుతుంది, రోగం అలాగే ఉంటుంది.

నల్లరేగడి గారూ, మొదటిది ముందు. బుష్ బోల్టులు బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడే బిగించేశారు కదా? రబ్బరు బుష్ లోపలి గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది. వేలాడుతున్నప్పుడు పట్టేస్తే, నేల మీదికి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. బండి కొడుతుంది, ఆ రబ్బరు కూడా త్వరగా చిరుగుతుంది. బోల్టులన్నీ వదులు చేసి, నాలుగు చక్రాలూ నేల మీద పెట్టి, ఇద్దరు ముగ్గురు బంపరు మీదెక్కి గెంతి, అప్పుడు బిగించండి. పాలీ బుష్ అయితే ఈ ఇబ్బంది లేదు, కానీ దానికి ఇచ్చిన గ్రీజు రాయకపోతే పిచ్చుకల్లా కిచకిచలాడుతుంది.

బెంజిసర్కిల్_జిమ్నీ | గురువారం రాత్రి 10.30

రెండోది కాస్టర్ సమస్యలా ఉంది. ఆ పొడుగు షాకిల్ పాతదానికంటే ఎంత పొడుగు? షాకిల్ కట్టకి ముందు కొసన ఉందా, వెనక కొసనా?

నల్లరేగడి | గురువారం రాత్రి 10.44

రెండంగుళాలు పొడుగు మేడం. ముందు కొసనే ఉంది, బంపరు వైపు.

బెంజిసర్కిల్_జిమ్నీ | గురువారం రాత్రి 11.10

అయితే అదే. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా తిన్నగా పోతుంది. కింగ్‌పిన్ కూడా పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటేనే చక్రం తనంతట తాను తిన్నగా వస్తుంది. ఆ వాలే కాస్టర్. విల్లీస్ జీపుకి 3 డిగ్రీలు ఇచ్చారు. ముందు కొసన షాకిల్ పొడుగైతే కట్ట ముందు కొస ఛాసిస్ నుంచి కిందికి దిగుతుంది, యాక్సిల్ ముందుకి తిరుగుతుంది. కట్ట కన్ను నుంచి కన్నుకి 38 అంగుళాలనుకుందాం. ఒక కొస 2 అంగుళాలు దిగితే దాదాపు 3 డిగ్రీల వాలు. ఉన్నదంతా పోయినట్టే! పోనీ లాభమేమన్నా ఉందా అంటే షాకిల్ రెండంగుళాలు పెంచితే మధ్యలో ఉన్న యాక్సిల్ దగ్గర వచ్చే ఎత్తు ఒక్క అంగుళమే.

సమతలం మీద బండి పెట్టి, ఫోనులో కోణం చూపే యాప్ తెరిచి, కింగ్‌పిన్ పైమూత మీద ముందూ వెనకగా పెట్టి చూడండి. నా జిమ్నీకి స్ప్రింగులు మార్చినప్పుడు నాకూ ఇదే పాఠం. దానికి కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ని పట్టుకునే ఆర్మ్‌లు ఉంటాయి. లిఫ్ట్ చేస్తే ఆర్మ్ వాలుతో కాస్టర్ తగ్గుతుంది. ఆర్మ్‌లో కేంద్రం జరిపిన బుష్‌లు ఒత్తించి సర్దుకున్నాను. దాంతోపాటు అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ ఒక పక్కకి జరిగింది, దానికి పొడవు సర్దుకునే రాడ్ వేయాల్సొచ్చింది. స్ప్రింగుల కంటే వాటి వెనకాల వచ్చిన సామానుకే ఎక్కువైంది.

సెక్షన్52 (గుంటూరు) | శుక్రవారం ఉదయం 6.50

ఎవరూ అడగలేదు కానీ చెబుతున్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పాత జీపు కదా, ఆర్‌సీ రెన్యూవల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. బీమా క్లెయిము వచ్చిన రోజున ఇవన్నీ బయటికొస్తాయి.

థార్_సత్తి | శుక్రవారం ఉదయం 7.15

పొద్దున్నే పొద్దున్నే ఎందుకు సార్ భయపెడతారు.

తెనాలి_దమ్ము | శుక్రవారం ఉదయం 8.00

ఆయన చెప్పింది నిజమేగా. పాత షాకిళ్లు పెట్టుకుంటే ఎత్తూ తగ్గుద్ది, ఊపూ తగ్గుద్ది. నీ అవసరం కొండవీడు ఘాటే కదా, హిమాలయాలు కాదుగా.

నల్లరేగడి | శనివారం రాత్రి 8.20

ఫోను పెట్టి చూశాను. కాస్టర్ సున్నాకి అటూ ఇటూ ఊగుతోంది. పాత షాకిళ్లు తిరిగి వేశాం, కొత్త బుష్‌లతో. ఇప్పుడు మూడుకి కొంచెం తక్కువ చూపిస్తోంది. బుష్ బోల్టులన్నీ నేల మీద పెట్టి బిగించాం. అదే ఇబ్రహీంపట్నం రోడ్డు, అదే గుంత. వెతికి మరీ దాన్లోనే పడేశాను. ఏమీ లేదు. 70 దాకా పోయాను. తమ్ముడు ఈసారి దిగలేదు.

పాతపానా గారూ, కాస్టర్ ఇంకో డిగ్రీ కావాలంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జి (ఒకవైపు మందం, ఒకవైపు పలచన) ముక్క పెట్టొచ్చన్నారు ఒకరు. ఏ వైపు పెట్టాలి?

పాతపానా | శనివారం రాత్రి 9.00

బండి బాగా పోతుంటే పెట్టొద్దు. తెలుసుకోవడానికైతే వినండి. కట్ట యాక్సిల్ కింద ఉంటే వెడ్జి మందం వైపు ముందుకి, కట్ట యాక్సిల్ పైన ఉంటే మందం వైపు వెనక్కి. తిరగేసి పెట్టి నాలాగా ఒక రాత్రంతా జుట్టు పీక్కోకండి. వెడ్జి పెడితే ప్రాపెల్లర్ షాఫ్టు జాయింటు కోణం కూడా మారుతుంది, అది మర్చిపోవద్దు.

యూ బోల్టులు కొత్తవే వేశారు కదా? పాతవి ఒకసారి సాగాక మళ్లీ బిగువు నిలవదు. కట్ట సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడు రంధ్రంలో కూర్చుందో లేదో టార్చి వేసి చూడండి. నట్లు నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి. చక్రాలు పూర్తిగా కిందికి వేలాడదీసి బ్రేకు హోసు లాగుతోందేమో కూడా చూడండి. లిఫ్ట్ చేసిన బండిలో అందరూ మర్చిపోయేది అదే.

కొండవీడు_కుర్రాడు | శనివారం రాత్రి 9.25

అన్నా, నా కమాన్ కట్టలు కుంగిపోయాయి. కొత్తవి కొనకుండా గ్యాసు మంట పెట్టి వంచిస్తే పనవుతుందా?

లేత్_బాబాయ్ | శనివారం రాత్రి 9.40

మంట పెడితే టెంపరు పోతుంది, నెలలో మళ్లీ కుంగుతుంది లేదా పట్టీ విరుగుతుంది. కమాన్ పని తెలిసినవాళ్లు చల్లగానే సుత్తి దెబ్బలతో వంపు తెస్తారు, అలా చేయించుకో. విరిగిన పట్టీ ఉంటే అదొక్కటీ మార్చుకో.

నల్లరేగడి | ఆదివారం రాత్రి 10.15

ఇవాళ కొండవీడు పోయొచ్చాం, నెల ఆగలేకపోయాను. ఘాట్ దిగాక హబ్బులు చేత్తో ముట్టుకుని చూశాను. బ్రేకు వేడి తప్పితే ఎడమా కుడీ సమానంగానే ఉన్నాయి. యూ బోల్టు నట్లు ఇంటికొచ్చాక చూస్తే ఒక్కొక్కటి పావు చుట్టు తిరిగింది, చెప్పకపోతే చూసేవాణ్నే కాదు. బ్రేకు హోసు కుడివైపుది కొంచెం బిగుతుగా ఉంది, పొడుగుది వేయించాలి. అది అయ్యేదాకా సూర్యలంక వాయిదా. ఉప్పునీళ్లలోకి ఎలాగూ దించను.

పొడుగు షాకిళ్లు, పాత కమాన్ కట్టలు నాలుగూ పెరట్లో పడున్నాయి. ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.

తెనాలి_దమ్ము | ఆదివారం రాత్రి 10.22

కట్టలు నాకు ఉంచు, ట్రాలీకి పనికొస్తాయి. షాకిళ్లు సత్తికివ్వు.

థార్_సత్తి | ఆదివారం రాత్రి 10.24

నా బండికి కమాన్ కట్టలే లేవు బాబాయ్ 😭